వ్రేలిముద్ర, ముద్రితవ్యాసము : మన్యసీమలో పరిశోధనము, ప్రజావిచారణము

విశాఖపట్టణమునుండి అనంతగిరి కనుమలెక్కి అరకులోయ చేరి, అచటినుండి పాడేరు దారి పట్టినవారికి డుంబ్రిగుడ తగులును. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది యొక మండలకేంద్రము. యాత్రికులెరిగిన చాపరాయి యీ మండలములోనిదే. రాజ్యాంగముయొక్క ఐదవ షెడ్యూలునకు లోబడిన యీ సీమలో తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా, కువి, కొండ భాషలు వినవచ్చుచుండును. కొన్ని యేండ్ల క్రిందట మేమీ ప్రాంతమున పాటలు సేకరించుచుండగా, పాట ముగించిన యొక వృద్ధురాలు మా పుస్తకమువంక చూచి, "రాసుకున్నది మల్లీ మాకు సూపిస్తారా బాబూ?" అని యడిగినది. చూపుదుమంటిమి. పాటలు అచ్చుపడినవి, మేము మరల నా యూరు పోలేదు. ఈ వ్యాసమునకు మూలమా ప్రశ్నయే.

అచ్చుపడిన పరిశోధనమును లోకము విశ్వసించుట కాధారమేమి? దానిని పరీక్షించు హక్కు తోడి శాస్త్రజ్ఞులకు మాత్రమే కలదా, లేక యెవరి దేహమును, ఎవరి మాటను ఆధారముగా గొని యది వెలసినదో వారికిని కలదా? మన్యసీమ చరిత్రమున నీ ప్రశ్నలు ఒకమారు పార్లమెంటు వరకును, సుప్రీంకోర్టు వరకును పోయినవి. ఆ చరిత్రమును సంగ్రహముగా వివరించి, అందుండి మనవంటివారు గ్రహింపదగిన దేమో నిరూపించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా మన శాఖకు పరిచితమైన యొక విషయమును జ్ఞప్తికి దెచ్చుకొందము. ప్రాచీనకావ్యమును పరిష్కరించి ప్రకటించువాడు తానే ప్రతులను చూచెనో పీఠికయందు తెలుపవలెను. పాఠాంతరములను పుటయడుగున చూపవలెను. ఇది పరిష్కర్త నిజాయితీని శంకించుటచే నేర్పడిన నియమము గాదు. ఎంతటి పండితుడైనను పొరబడవచ్చును గావున, చదువరి కావలసినచో మూలమువరకు పోయి సరిచూచుకొను దారి యుండవలెననియే యా నియమము. తాళపత్రము కనబడనిచో ముద్రితపాఠము పరిష్కర్త మాటగా మాత్రమే మిగులును. శాస్త్రవ్యాసమునకును ఇట్టి మూలప్రతి కలదు. ప్రయోగశాలలోని నమోదులు అందొక భాగము. మనుష్యులపై జరుగు పరిశోధనమున మరియొక భాగము కలదు: అది వారిచ్చిన సమ్మతిపత్రము.

మొదటి భాగమును సరిచూచుటకు మంచి నిదర్శనము తెలుగునాటనే దొరకుచున్నది. మన్యమనగానే మైదానమువారికి చిరకాలము జ్వరమే స్ఫురించెడిది. ఆ జ్వరమునకు దోమతో గల సంబంధమును బయటపెట్టిన పరిశోధనమున ముఖ్యమైన మెట్టు సికింద్రాబాదు చేరువనున్న బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన జరిగినది. హుసేన్‌ఖాన్ అను మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపులో రోనాల్డ్ రాస్ వింతయైన నల్లరేణువులు గల కణములను చూచెను. ఆ సంవత్సరము డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన వ్యాసమున రాస్ తాను చూచినది రెండు దోమలలో మాత్రమేయని శీర్షికయందే చెప్పెను. ఆ నమూనాలను స్మిత్ అను మరియొక సైనికవైద్యుడు పరీక్షించి వ్రాసిన మాటలును, లండనునందు వానిని చూచిన పాట్రిక్ మాన్సన్ అభిప్రాయమును వ్యాసముతోపాటే అచ్చుపడినవి. పరిశోధకుడు తన కన్నులను మాత్రమే సాక్ష్యముగా నిలుపక, ఇతరుల కన్నులకును తన నమూనాలను అప్పగించెనన్నమాట. ఆ వ్యాసము నేటికిని గౌరవింపబడుటకు గల కారణములలో నిది యొకటి.

కాని యీ చరిత్రమున హుసేన్‌ఖాన్ గొంతు వినబడదు. తన్ను కుట్టిన దోమ కొక్కింటికి ఒక అణా చొప్పున నాతనికి ముట్టినదని మాత్రమే మనకు తెలియుచున్నది. ఆ కాలమున నంతకుమించి యడుగవలెనను తలంపు శాస్త్రలోకమున స్థిరపడలేదు. నమూనాకు సాక్షులు దొరకిరి; రోగి సమ్మతికి సాక్షి యెవడును లేడు.

ఆ రెండవ విషయమున, అనగా పరిశోధనకు గురియగువారితో మాటలాడు విషయమున, మంచి సంప్రదాయము మన భాషాశాస్త్రమునందే కలదు. పర్లాకిమిడిలోని గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలను గూర్చి వ్రాయుటకు ముందు సవరభాషను నేర్చిరి. సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పుటకు పుస్తకములు వ్రాసిరి. ఆ పిమ్మటనే 1931లో వారి సవరభాషా గ్రంథమును, 1938లో నిఘంటువును మదరాసు ప్రభుత్వ ముద్రణాలయమున వెలువడినవి. అరకు ప్రాంతమున వినబడు కొండ లేక కూబి భాషకు భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో వ్యాకరణమును ప్రకటించుచు, తాము సేకరించిన పాఠములను, పదములను గూడ జతపరచిరి. వ్యాకరణసూత్రము తప్పని తోచినవాడు ఆ పాఠములతో పోల్చి చూచుకొనవచ్చును. పరీక్షకు దారి విడిచిన పుస్తకమనగా నిట్టిది.

ఇక మనము ముఖ్యవిషయమునకు వత్తము. ఇది జరిగినది డుంబ్రిగుడలో గాదు, గోదావరి యొడ్డున నున్న భద్రాచల ప్రాంతమున. అయినను రెండుచోట్లను ఏజెన్సీ పరిపాలనమే. రెండుచోట్లను బిడ్డలు తల్లిదండ్రులకు దూరముగా ఆశ్రమ పాఠశాలలలో నుండి చదువుకొందురు. రెండుచోట్లను ప్రభుత్వపత్రముల భాష పెక్కు కుటుంబముల యింటిభాష గాదు. భద్రాచలమున జరిగినది డుంబ్రిగుడలోను జరుగదగినదే. కావుననే యీ ప్రస్తావన.

గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు కాన్సరు భారతస్త్రీలకు పెద్ద ముప్పు. 2020 నాటి యంతర్జాతీయ అంచనాల ప్రకారము మన దేశమున నా యొక్క సంవత్సరములో సుమారు 1,24,000 మందికి ఈ వ్యాధి క్రొత్తగా సోకగా, సుమారు 77,000 మంది మరణించిరి. దీనికి మూలమైన పాపిలోమా వైరసును అడ్డగించు టీకాకు 2008లో మన దేశమున అనుమతి లభించినది. 2009 జూలైలో అమెరికాకు చెందిన పాత్ అను సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్రప్రభుత్వము కలిసి, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మము జిల్లాలో 10 మొదలు 14 ఏండ్ల వరకు గల బాలికలకు ఈ టీకాను వేయు ప్రయత్నమును ఆరంభించినవి. భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములను ఎన్నుకొనిరి. సుమారు 14,000 మంది బాలికలకు మెర్క్ కంపెనీవారి గార్డసిల్ టీకా నిచ్చిరి. గుజరాతులోని వడోదరా జిల్లాలో మరియొక కంపెనీ టీకాతో నిట్టి కార్యమే నడచినది. ధనము గేట్స్ ఫౌండేషనుది. టీకాలు కంపెనీలు ఉచితముగా నిచ్చినవి.

2010 మార్చిలో 'సమా' అను స్త్రీల ఆరోగ్యసంస్థవారు భద్రాచల ప్రాంతమునకు పోయి, బాలికలతోను తల్లిదండ్రులతోను మాటలాడి, సమ్మతి తీసికొన్న తీరును గూర్చి తమ నివేదికను బయటపెట్టిరి. టీకా పొందినవారిలో రెండు రాష్ట్రములందును కలిపి ఏడుగురు బాలికలు మరణించిన వార్తయు నప్పుడే వ్యాపించినది. స్త్రీసంఘములును, ప్రజారోగ్య కార్యకర్తలును ప్రభుత్వమును ప్రశ్నించిరి. ఏప్రిల్ నెలలో కేంద్రప్రభుత్వము టీకా వేయుటను నిలిపివేసి విచారణసంఘమును నియమించినది.

ఇచ్చట రెండు ప్రశ్నలను వేరుచేయుట యావశ్యకము. టీకా ప్రాణము తీసినదా యనునది యొకటి. పాముకాటు, నీట మునుగుట, పురుగుమందు, మలేరియా మున్నగునవి యా మరణములకు కారణములుగా చెప్పబడినవి. టీకాకును వానికిని సంబంధము కనబడలేదని 2011లో విచారణసంఘము తేల్చినది. టీకాయే వారిని చంపెనను మాట రుజువు గాలేదు. సమ్మతి నిజముగా తీసికొనబడినదా యనునది రెండవ ప్రశ్న. దీనికి దొరకిన సమాధానము వేరు. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలింపబడిన 9,543 సమ్మతిపత్రములలో 1,948 వ్రేలిముద్రలు గలవి. 2,763 పత్రములపై హాస్టలు వార్డెనులు సంతకము చేసియుండిరి. తల్లిదండ్రులకు మారుగా ప్రధానోపాధ్యాయులు, వార్డెనులు సంతకములు చేయవచ్చునని ప్రభుత్వమే యుత్తరువిచ్చియుండినట్లు తేలినది.

2013 ఆగస్టు 30వ తేదీన ఆరోగ్యశాఖకు సంబంధించిన పార్లమెంటు స్థాయీసంఘము తన 72వ నివేదికను సమర్పించి, యీ విషయమును తీవ్రముగా విమర్శించినది. టీకాకు దేశమున అనుమతి రాకమునుపే, 2007 ఫిబ్రవరిలో, పరిశోధన మండలి పాత్ సంస్థతో నొడంబడిక చేసికొనుటను తప్పుపట్టినది. బాలికలకు బీమా లేకపోవుటను, టీకా తరువాత కలుగు బాధలను కనిపెట్టు ఏర్పాటు చాలకపోవుటను ఎత్తిచూపినది. ఇది క్లినికల్ ట్రయల్ గాదు, అనుమతి పొందిన టీకాను ప్రజలకు చేర్చు పద్ధతిని చూచుట మాత్రమేయని పాత్ సంస్థ వాదించినది. ఆ భేదమునకు చట్టమున విలువ కలదేమో కాని, సంతకము తనది కాని తల్లికి దానివలన కలుగు ఊరట యేమియు లేదని మా యభిప్రాయము.

ఈ కార్యముయొక్క ఫలితములును అచ్చుపడినవి. 2011లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారి బులెటినునందు నాలుగు దేశములలో నీ టీకాను ప్రజలకు చేర్చిన విధములను గూర్చి యొక వ్యాసము వెలువడినది. అందు భారతదేశమునకు సంబంధించిన సంఖ్యలు పద్ధతినిబట్టి నూటికి 68.4 మొదలు 87.8 వరకు నున్నవి. ఆ లెక్క తప్పని మేమనుట లేదు. టీకా పొందినవారిని లెక్కించుటలో నది సరియైనదే కావచ్చును. కాని నూటికి ఇంతమంది యను సంఖ్య, అందరి పక్షమున సంతకము చేసిన చేయి యెవరిదో తనంతట తాను చెప్పజాలదు. తోడి శాస్త్రజ్ఞుడు పత్రికకొరకు వ్యాసమును పరీక్షించునపుడు లెక్కను, పద్ధతిని, తీర్మానమును చూడగలడు. భద్రాచలములోని హాస్టలులో బల్లపై పేర్చియున్న పత్రముల కట్ట నాతడు చూడడు. దానిని చూచినవారు ఊళ్లు తిరిగిన కార్యకర్తలు, పిమ్మట విచారణసంఘమువారు, పార్లమెంటు సభ్యులు. ప్రజావిచారణము శాస్త్రజ్ఞుల పరీక్షకు పోటీ గాదు. ఆ పరీక్ష అందుకొనలేని మూలప్రతిని చదువుట దాని పని.

పార్లమెంటు సంఘము చెప్పినదానిని న్యాయస్థానము చూడవచ్చునా యను వివాదము తరువాత లేచినది. కల్పనా మెహతా మున్నగువారు వేసిన వ్యాజ్యమున అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగధర్మాసనము 2018 మే 9వ తేదీన తీర్పు చెప్పుచు, అట్టి నివేదికలను న్యాయస్థానము పరిగణింపవచ్చుననియు, అయితే నివేదిక చెల్లుబాటును అచ్చట ప్రశ్నింపరాదనియు నిర్ణయించినది. ఔషధపరీక్షలను గూర్చిన మరియొక వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2013లో, సమ్మతి తీసికొనుటను దృశ్యశ్రవ్యరూపమున నమోదు చేయవలెనని యాదేశించినది. నష్టపరిహారమునకు సంబంధించిన నియమములు నా సంవత్సరమే మారినవి. 2019లో క్రొత్త నియమావళి వచ్చినది. ఖమ్మము మండలములలో మొదలైన ప్రశ్న దేశమునంతటికి వర్తించు నియమములు బిగియుటకు తోడ్పడినదని చెప్పుట అతిశయోక్తి గాదు.

ఇట్టి విచారణములు శాస్త్రమును కుంటుపరచునని వాదించువారు కలరు. వారి వాదమున కొంత సత్యము కలదు. దానిని దాచుట న్యాయము గాదు. 2010 తరువాత నీ టీకా జాతీయ కార్యక్రమమున చేరుట చిరకాలము సాగలేదు. సిక్కిం రాష్ట్రము 2018లో తన బాలికలందరికిని దీనిని వేయుట కారంభించినది. నిపుణుల జాతీయ సలహాసంఘము దేశమంతటికిని దీనిని సిఫారసు చేసినది 2022లో మాత్రమే. ఆ నడుమ రక్షణ పొందక పెరిగిన బాలికలు కోట్లకొలది. ఆలస్యమునకు కారణములు పెక్కు. టీకావెల యందొకటి, పోయిన నమ్మకము మరియొకటి. ఆ నమ్మకమును పోగొట్టినది ప్రశ్నించినవారా, ప్రశ్నకు చోటిచ్చినవారా? తల్లి చేయవలసిన సంతకమును వార్డెనుచేత చేయించినపుడు మిగిలిన కాలము కొన్ని దినములు. దానికి చెల్లించిన మూల్యము కొన్ని యేండ్లు. మంచి టీకాకు తొందరపాటు చేసిన కీడును విరోధులు చేయలేకపోయిరి.

ఈ చరిత్రమున ననుకొనని యొక ఫలితము కలదు. అదే 2009లో, పై కార్యముతో సంబంధము లేకుండ, అంతర్జాతీయ కాన్సరు పరిశోధనసంస్థ మన దేశమున తొమ్మిది కేంద్రములలో నొక పరిశోధనము నారంభించినది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి యందొకటి. టీకా గార్డసిలే, ధనము గేట్స్ ఫౌండేషనుదే. మూడు మోతాదులకు మారుగా రెండు చాలునా యని తెలిసికొనుట దాని లక్ష్యము. 20,000 మంది బాలికలను చేర్చవలెనని తలపెట్టిరి. 2010 ఏప్రిల్ నాటి నిషేధము దీనిని గూడ నడిమధ్య నాపివేసినది. అప్పటికి టీకా పొందిన 17,729 మందిలో కొందరికి మూడును, కొందరికి రెండును, సుమారు 5,000 మందికి ఒకటే మోతాదును ముట్టినవి.

పరిశోధకులు దానిని విడిచిపెట్టలేదు. బాలికలను పదియేండ్లు కనిపెట్టి చూచిరి. తలపెట్టిన రీతిని పరిశోధనము సాగలేదనియు, ఏ బాలిక కెన్ని మోతాదులు ముట్టవలెనను యాదృచ్ఛిక విభజనము చెడినదనియు, తాము చూపుచున్నది పరిశీలనఫలితము మాత్రమేయనియు తమ వ్యాసములలో నొప్పుకొనిరి. 2021లో లాన్సెట్ ఆంకాలజీయందు ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, 16, 18 రకముల వైరసు శరీరమున నిలిచిపోకుండ కాపాడుటలో ఒక మోతాదు నూటికి 95.4, రెండు మోతాదులు 93.1, మూడు మోతాదులు 93.3 వంతున పనిచేసినవి. ఇతరదేశముల పరిశోధనములతోపాటు దీనిని గూడ పరిశీలించి, 2022 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు ఒక్క మోతాదు చాలునని సలహా యిచ్చిరి. మూడు మోతాదుల వెల భరింపలేని బీదదేశములకు దీనివలన కలిగిన మేలు గొప్పది.

నిషేధమే యీ మేలు చేసినదని చెప్పుట పొరపాటు, అది కాకతాళీయము. కాని రెండు సంగతులు తేటపడుచున్నవి. విచారణ వలన పని యాగినంతమాత్రమున జ్ఞానము నశింపదు. నమోదులు చక్కగా నున్నచో విరిగిన పరిశోధనము సైతము మాటలాడును. విరిగినదని చెప్పుకొనుటకు వెనుదీయని వ్యాసమే విశ్వాసమునకు పాత్రమగును. రాస్ తన రెండు దోమలను గూర్చి రెండనియే చెప్పినట్లు, వీరును తమ కొఱతను కొఱతయనియే చెప్పిరి. తన హద్దును తానే చూపిన వ్యాసమును చదువరి నిశ్చింతగా చేపట్టగలడు.

ప్రశ్నించువారికిని ఇందు పాఠము కలదు. నాటి ఆందోళనమున సమ్మతిని గూర్చిన నిందయు, మరణములను గూర్చిన నిందయు నొక్కటిగా కలిసిపోయినవి. మొదటిది పత్రములచే రుజువైనది, రెండవది కాలేదు. రుజువైనదానిని, కానిదానిని వేరుచేయని విచారణము నిజమైన తప్పును బలహీనపరచును. టీకా కావలసిన బిడ్డకు భయమును మిగుల్చును. పరిశోధనమునకు కోరు నియమమునే విచారణమునకును కోరవలెను.

మన విద్యార్థులు డుంబ్రిగుడకు సూదితో గాక కలముతోను, ధ్వనిముద్రణ యంత్రముతోను పోవుదురు. పాట పాడినందున నెవరికిని జ్వరము రాదు గదా యని మనము నిశ్చింతగా నుందుము. కాని మన సిద్ధాంతగ్రంథముల మూలప్రతియు మనుష్యుని నోటిలోనిదే. పాడినవారి పేరు, ఊరు, వారెరిగిన భాష, వారేమి వినిన పిమ్మట సమ్మతించిరో యా విషయము, మన పుస్తకములలో నెన్నింట కనబడుచున్నది? సమ్మతి నడుగునపుడు కువి వారితో కువిలోను, కొండభాష వారితో కొండభాషలోను చెప్పించుట కెందరు శ్రమపడుచున్నారు? అచ్చుపడిన పుస్తకము ప్రతి యొక్కటి యా యూరి బడికి చేరుచున్నదా? ఖమ్మమున వార్డెను సంతకమును తప్పుపట్టు మనము, గ్రామపెద్ద తల యూపినంతనే ఊరంతయు నొప్పుకొన్నదని వ్రాసికొనుచున్నాము. రెండింటికిని భేదము పరిమాణమున మాత్రమే కలదు.

ఈ ప్రశ్నలను మేమితరులకు వేయుటకు ముందు మాకే వేసికొంటిమి. మేము పాటలు సేకరించిన నాటి పుస్తకమును తిరిగి చూచితిమి. అందు పాట కలదు, తేదీ కలదు, ఊరిపేరు కలదు. పాడినవారి పేరున్నచోట 'ఒక వృద్ధురాలు' అని యున్నది. ఆమె యడిగిన దొక్కటే: వ్రాసికొన్నదానిని మరల చూపుమని. ఇన్ని సంఘములు, ఇన్ని తీర్పులు తేల్చినదియు నింతకు మించి యేమియు లేదు. రానున్న సెలవులలో నా పుస్తకమును గొని మరల నా యూరు పోవ నిశ్చయించితిమి. తప్పులున్నచో నా యూరివారు చెప్పుదురు. వానిని దిద్ది, పాడినవారి పేర్లతో, వారి యనుమతితో మరల ప్రకటింతుము.